రెండు రంగుల వెలుగు

మా చిన్నప్పటి ఔట్లకు, అంటే బాణసంచాకు, రెండే రంగులు. బొగ్గు రవ్వల నారింజ ఒకటి, ఇనుప రజను కురిసే బంగారం ఒకటి. ఎప్పుడైనా చేతిలో రోంత డబ్బున్న ఇంట పెండ్లయితే మతాబుల తెలుపు. అంతే. ఎరుపూ పచ్చా నీలమూ మా ఆకాశంలో లేవు. నంబులపూలకుంట చుట్టుపక్కల పల్లెల్లో 1960ల చివరిదాకా తేరుకైనా, పెండ్లి మెరవణికైనా, పీర్ల పండగకైనా ఆ రెండు రంగులే. వాటికోసమే ఏడాదంతా ఎదురుచూసేవాళ్ళం. కరెంటు లేని ఊరి చీకట్లో ఒక్క జువ్వ పైకి గీత గీస్తే గుట్ట అవతలి పల్లెవాళ్ళు కూడా మిద్దెలెక్కి చూసేవాళ్ళు.

ఆ ఔట్లు కట్టే మనిషిని ఊరంతా మందు తాత అనేది. ముసలి సాయిబు. శెనక్కాయ చేను రెండు ఎకరాలుండేది, వానలు పడితే సేద్యం, పంట ఇంటికొచ్చినాక మందు పని. కార్తీకం నుంచి మొదలుపెట్టి శివరాత్రికి గూటిబైలు తిమ్మమ్మ మర్రిమాను కాడ జరిగే తిరుణాల, ఆ తర్వాత ఫాల్గుణంలో కదిరి నరసింహస్వామి బ్రహ్మోత్సవాలు, వీటితో ఆయన ఏడాది ముగిసేది. కదిరి స్వామిని మా సీమలో సాయిబులు కూడా కొలుస్తారు. తేరు మీదికి దవనం, మిరియాలు విసిరే చేతుల్లో వాళ్ళ చేతులూ ఉంటాయి. కాబట్టి స్వామి ముందర సాయిబు కట్టిన చిచ్చుబుడ్డి వెలగడం మాకెవరికీ వింతగా తోచేది కాదు. తన పనిని ఆయన మొక్కుబడి లాగా చేసేవాడు. కూలి ముందుగా మాట్లాడుకునేవాడు కాదు. అయితే జాగ్రత్తల విషయంలో మాత్రం ఊరి పెద్దలు చెప్పినా వినేవాడు కాదు.

ఈ విద్య మా సీమకు కొత్తది కాదు. 1443లో విజయనగరానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుల్ రజాక్ అక్కడి పండగలో బాణసంచా చూసి ఆశ్చర్యపోయి రాసుకున్నాడు. 1520 ప్రాంతంలో కృష్ణదేవరాయల మహర్నవమి చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కూడా ఆకాశబాణాల గురించి, కోటల ఆకారంలో కట్టి కాల్చే ఔట్ల గురించి రాశాడు. రాయల సమకాలికుడూ, మొదట శత్రువూ తర్వాత మామా అయిన ప్రతాపరుద్ర గజపతి పేరున ‘కౌతుకచింతామణి’ అనే సంస్కృత గ్రంథం ఉంది. అందులో బాణసంచా యోగాలున్నాయని పుణే భండార్కర్ సంస్థ పండితుడు పి.కె. గోడే తన వ్యాసంలో వివరంగా చూపించాడు. 1565 తర్వాత రాజధాని పెనుకొండకు వచ్చింది. ఆ తర్వాత హైదరు, టిప్పుల సైన్యాలు ఇనుప గొట్టాల్లో మందు కూరిన బాణాలతో కంపెనీ సిపాయిలను చెదరగొట్టాయి. పండగ మందూ యుద్ధపు మందూ ఒకటే సరుకు. 1800లో దత్తమండలాలు కంపెనీ చేతికి వచ్చాక సైన్యాలు పోయాయి, మందు కట్టే ఇండ్లు మిగిలాయి. మందు తాత వంశం వాటిలో ఏదో ఒకదాని కొనసాగింపు అని నా నమ్మకం. ఆయనకు చరిత్రతో పనిలేదు. ఇనుప గొట్టం మాత్రం ముట్టేవాడు కాదు. “మందు తప్పు చేస్తే కాయితం చిరుగుతాది, మట్టి పగులుతాది. ఇనుము మనిషిని ఎదుక్కుంటా వస్తాది” అనేవాడు.

సరుకు మూడే. సూరేకారం, గంధకం, బొగ్గు. గంధకం కదిరి అంగట్లో దొరికేది. సూరేకారం కూడా మా కాలానికి అంగట్లోదే గానీ, తన చిన్నప్పుడు పాడుబడిన మట్టిగోడల అడుగున, గొడ్లపాకల్లో తెల్లగా పూసిన మన్ను గీకి, నీళ్ళలో నానబెట్టి, వడకట్టి, కాచి తీసేవాళ్ళని తాత చెప్పేవాడు. కాచిన నీళ్ళు చల్లారితే సూరేకారం సూదుల్లాగా గడ్డకడుతుంది; కూరలో వేసుకునే ఉప్పు నీళ్ళలోనే ఉండిపోతుంది. ఆ రెండూ బాగా విడిపోకపోతే మందు చెమ్మ పీల్చుకుంటుంది. మంట పసుపు రంగుకు తిరుగుతుంది. ఉప్పులోని సోడియం గుణం అది. చిటికెడు చేరినా మిగతా రంగులన్నిటినీ తన పసుపులో ముంచేస్తుంది. తాతకు సోడియం పేరు తెలియదు, కానీ చెమట చేత్తో మందు తాకనిచ్చేవాడు కాదు.

బొగ్గు మాత్రం ఆయన ఎవర్నీ నమ్మి కొనలేదు. చేలల్లో శెనక్కాయ సాళ్ళ మధ్య వేసిన కంది కోసినాక కట్టెలు తెచ్చుకునేవాడు. వంకల్లో జిల్లేడు కొట్టి తెచ్చి, తోలు ఒలిచి ఎండబెట్టేవాడు. గుంత తీసి, పేర్చి, అంటించి, మంట లేచే వేళకు మన్ను కప్పేసేవాడు. గాలి అందక లోపల మగ్గి బొగ్గయ్యేది. జిల్లేడు బొగ్గు మెత్తగా, తేలిగ్గా ఉండి చురుగ్గా అంటుకుంటుంది. జువ్వ పైకి లేవడానికి అదే కావాలి. తుమ్మ బొగ్గు గట్టిది, నిదానంగా కాలుతుంది. దాన్ని రోంత గరుకుగా ఉంచితే రవ్వ పైనుంచి కిందికి తోక లాగుకుంటూ వస్తుంది, మధ్యలో ఆరిపోదు. ఒకే నారింజ రంగులో ఇన్ని రకాలున్నాయని నాకు తెలిసింది ఆ గుంత పక్కనే. జిల్లేడు రవ్వ చిట్టిది, తొందరగా మాయమవుతుంది. తుమ్మ రవ్వ ఎర్రగా మొదలై నేల దగ్గరికి వచ్చేసరికి బెల్లంపాకం రంగుకు తిరుగుతుంది. రంగులు రెండే అని మొదట చెప్పాను గానీ, ఆ రెండింటి లోపల ఆయన చూపించిన ఛాయలు ఈనాటి పెట్టెల్లో నాకు కనబడవు.

కాల్చిన బొగ్గును అదే రోజు నూరేవాడు కాదు. నూరినా వెంటనే కుండలో మూసిపెట్టేవాడు కాదు. వెడల్పాటి చేటలో పలుచగా పరిచి, చుట్టూ ఏమీ లేని బండ మీద ఒక రాత్రంతా వదిలేసేవాడు. “కొత్త బొగ్గు నిద్రబోవల్ల” అనేవాడు. ఈ మాట వెనకున్న శాస్త్రం నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. కొత్తగా కాల్చి మెత్తగా నూరిన బొగ్గు గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుంటూ వేడెక్కుతుంది. కుప్పగా పోసి మూసిపెడితే తనంతట తానే రాజుకుంటుంది. మందు ఇండ్లు కాలిపోవడానికి పాతకాలంలో ఇదొక కారణం.

బంగారానికి ఇనుము కావాలి. కమ్మరి కొలిమి కాడ ఆకురాయి కింద రాలిన రజను ఒక రకం. దానికంటే మేలైనది బీడు పొడి. పగిలిన బీడు బాణలి ముక్కలు, పాత చెరకు గానుగ ముక్కలు కమ్మరి చేత సమ్మెటతో నలగ్గొట్టించేవాడు. ఆ పని కమ్మరి ఇంటి కాడే, మందు సరుకు ఉన్న చోటికి చాలా దూరంగా. బీడులో బొగ్గు అంశ ఎక్కువ కాబట్టి రవ్వ గాలిలోకి వచ్చాక మళ్ళీ చిట్లుతుంది. చిచ్చుబుడ్డి పూలు పూసిందని మనం అనేది ఆ చిట్లడాన్నే. అయితే సూరేకారం చెమ్మకు ఇనుము తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన రజను రవ్వ రాల్చదు. అందుకని దానికి నూనె పట్టించి ఆరబెట్టి ఉంచేవాడు. జల్లెడ పట్టి, ముతక పొడి వేరు, సన్న పొడి వేరు. ముతకది పెద్ద బుడ్డికి, సన్నది చిన్నదానికి. పొరపాటున ముతకది చిన్న బుడ్డిలో పడితే నోరు పూడుకుపోయి బుడ్డి పగులుతుంది.

బుడ్లు కుమ్మరి చేసిచ్చేవాడు. ఒక్కొక్కదాన్నే చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటేవాడు తాత. ఖంగుమంటే ఒక పక్క, మందంగా పలికితే ఇంకో పక్క. మందంగా పలికిందంటే ఎక్కడో కంటికి కనబడని నెర్రె ఉన్నట్టు. అవి పిల్లలకు ఆడుకోను ఇచ్చేసేవాడు. మా ఇంట్లో మా జేజి వాటిలో పసుపూ కుంకుమా పోసుకునేది.

ఆయన పని పద్ధతిని కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఔట్లు పోయినందుకు నాకున్న బాధ కంటే ఈ పద్ధతి పోయినందుకే బాధ ఎక్కువ.

ఊరి బయట, గాలివాటుకు ఇండ్లు లేని వైపు, ఆయనకొక బోద పందిరి ఉండేది. మూడు వైపులా ఖాళీ. గోడలుంటే మందు అంటుకున్నప్పుడు పొగా మంటా లోపలే తిరుగుతాయి, మనిషికి దారి దొరకదు. పందిరి కింద ఇనుప వస్తువు ఒక్కటి కూడా ఉండకూడదు. కొయ్య గరిటె, కొయ్య రోకలి, ఇత్తడి తక్కెడ, గుడ్డ జల్లెడ. మొలతాడుకు తాళంచెవి కట్టుకున్నవాణ్ని కూడా లోపలికి రానిచ్చేవాడు కాదు. చెప్పులు బయటనే. చెప్పు మేకు రాయికి తగిలితే చాలంటాడు. బీడీ కాల్చేవాళ్ళు కనుచూపు మేరలో కూర్చోవాలి. తాతకు కూడా బీడీ అలవాటుండేది. కార్తీకం వచ్చిందంటే తిరుణాల ముగిసేదాకా మానేసేవాడు.

మూడు సరుకులను మూడు చోట్ల నూరాలి. సూరేకారం నూరిన రోట్లో గంధకం నూరకూడదు. విడివిడిగా ఉన్నంతసేపూ అవి అమాయకమైనవే. కలిశాకే మందు. కలపడం అన్నిటికంటే చివర, అది కూడా చేతికి పట్టినంతే. రోకలి వాడకూడదు, కాగితం మీద పోసి ఈ మూల ఆ మూల ఎత్తుతూ దొర్లించడమే. ఆ సమయంలో పందిట్లో ఆయన ఒక్కడే. కొడుకును కూడా రానిచ్చేవాడు కాదు. “పోతే ఒక్కడే పోవల్ల గానీ, ఇంటి దీపమంతా ఆరగూడదు” అని ఆయన అన్నప్పుడు పిల్లలమైన మాకు నవ్వొచ్చేది. ఇప్పుడు బాణసంచా కర్మాగారాల నియమావళిలో కనబడేది కూడా ఆ మాటే. ఒక గదిలో ఎంత తక్కువమంది, ఎంత తక్కువ సరుకు.

పొద్దున చల్లటి వేళ మాత్రమే కలిపేవాడు. ఎండ నడినెత్తికి వచ్చాక చెయ్యి ఆపేసేవాడు. కలిపినదాన్ని సాయంత్రానికల్లా బుడ్లలో కూరేయాలి, పొడి మిగలకూడదు. మిగిలితే నీళ్ళలో పోసి పారబోయడమే, రేపటికి దాచడం లేదు. పక్కనే తడిపిన గోనెపట్టాలు, కుండల్లో నీళ్ళు, ఇసుక. నూలు పంచె, నూలు బనీను. టెర్లిన్ చొక్కాలు ఊర్లోకి వచ్చిన కొత్తలో ఒక కుర్రవాడు అది తొడుక్కుని పందిరి దగ్గరికి వెళ్తే తాత తరిమికొట్టాడు. రాత్రిపూట ఆ చొక్కా విప్పుతుంటే చిటపటలాడి రవ్వలు రావడం ఆయన చూశాడట. ఒంటి మీద పుట్టే ఆ విద్యుత్తు మందు పొడిని అంటించగలదని ఆయనకు పుస్తకం చెప్పలేదు. కళ్ళారా చూసి గ్రహించాడు.

పాళ్ళు ఎంతెంత అన్నది మాత్రం ఎవరికీ చెప్పలేదు. నాకు తెలిసినా ఇక్కడ రాయను. పాళ్ళు తెలిసినవాడికల్లా ఈ జాగ్రత్తలు తెలిసి ఉండవని ఊర్లో అందరికంటే ముందు గుర్తించినవాడు ఆయనే.

తిరుణాల రాత్రి ఔట్లు కాల్చేది కూడా ఆయనే. పూజారి హారతి అయ్యాక, జనం కూర్చున్న వైపు కాకుండా, గాలి పోయే వైపు చేలో బుడ్లు వరసగా పెట్టేవాడు. పొడుగాటి కందికట్టె కొసన అగరువత్తి కట్టి, ముఖం పక్కకు తిప్పి, చెయ్యి చాపి అంటించేవాడు. మొదట సన్నటి బుస. తర్వాత మూరెడు, తర్వాత మనిషెత్తు, తర్వాత వేపచెట్టంత. ఆ వెలుగులో మర్రి ఊడలన్నీ ఒక్కసారిగా కనబడేవి. ఆ మాను విస్తీర్ణం సుమారు ఐదెకరాలని, 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిందని లోకానికి తర్వాత తెలిసింది. మేము మాత్రం దాని కొసలు మొదటిసారి చూసింది చిచ్చుబుడ్డి వెలుగులోనే. ఆరిపోని బుడ్డి దగ్గరికి మళ్ళీ ఎవ్వరూ పోగూడదు. అంటుకోకుండా ఆగిన దాని మీద దూరం నుంచి నీళ్ళు చల్లి, తెల్లవారినాకే ముట్టుకునేవాడు. ఎంతమంది కేకలేసినా, “మళ్ళా ఒకసారి అంటించు తాతా” అని బతిమాలినా కదిలేవాడు కాదు. ఈనాటికీ హైదరాబాదు సరోజినీదేవి కంటి ఆసుపత్రికి దీపావళి రాత్రి వచ్చేవాళ్ళలో చాలామంది పిల్లలే. ఆరిందనుకున్న దాని మీదికి వంగి చూసినవాళ్ళు వాళ్ళలో ఉంటారు.

రంగులు మా ఊరికి పొట్లాల్లో వచ్చాయి.

1970ల మొదట్లో కదిరి అంగళ్ళలో శివకాశి పెట్టెలు నిండడం మొదలైంది. శివకాశి కథ అందరికీ తెలిసిందే. 1920ల మొదట్లో అయ్య నాడారు, షణ్ముగ నాడారు అనే ఇద్దరు దాయాదులు కలకత్తా వెళ్ళి అగ్గిపెట్టెల పని నేర్చుకుని వచ్చారు. అగ్గిపెట్టెల నుంచి బాణసంచాకు ఊరంతా మళ్ళింది. కరువు నేల, ఎండలు, చెమ్మలేని గాలి. ఆ లెక్కన మా కదిరి తాలూకా కూడా ఇంకో శివకాశి కాగలిగేదే. ఆ శివకాశి పెట్టెల్లో మొదటిసారి ఎర్ర అగ్గిపుల్లలు, పచ్చ మతాబులు చూశాం. పచ్చరంగు నిప్పు! వరిమడి లేని మా ఊర్లో అంత పచ్చదనం ఒక్కసారి చూసి పిల్లలందరం నోరు తెరిచేశాం. మరుసటి ఏడు తిరుణాలకు ఊరి పెద్దలు తాతను అడిగారు, రంగులు పెట్టమని. ఆయన పెట్టనన్నాడు.

ఎందుకు పెట్టనన్నాడో చెప్పాలంటే కొంచెం రసాయనశాస్త్రం కావాలి. రంగు అనేది లోహం ఇచ్చేది. స్ట్రాన్షియం ఎరుపు, బేరియం పచ్చ, రాగి నీలం. కానీ ఆ లోహాలు రంగు చూపాలంటే మంట చాలా వేడిగా ఉండాలి, దాంట్లో క్లోరిన్ ఉండాలి. సూరేకారం మంటకు ఆ రెండూ లేవు. అందుకే విజయనగరంలో పేస్ చూసిన ఔట్లు కూడా చాలావరకు మా తాత బంగారమే అయి ఉంటాయి. లోకమంతటా అంతే. 18వ శతాబ్దం చివర ఫ్రాన్సులో బెర్తొలే పొటాషియం క్లోరేటు కనిపెట్టాకే, 1830ల నుంచి, బాణసంచాకు నిజమైన ఎరుపు పచ్చలు వచ్చాయి. మన అంగళ్ళలో దాన్నే పొటాసు అనేవాళ్ళు. దాని గుణం మొదట్లోనే బయటపడింది. 1788లో ఎస్సోన్ అనే చోట సూరేకారం బదులు అది వేసి తుపాకిమందు చేయబోతే పేలి ఇద్దరు చనిపోయారు. లెవోయిజేరూ బెర్తొలే ఇద్దరూ అప్పుడు ఆ దగ్గరలోనే ఉన్నారు, త్రుటిలో బయటపడ్డారు. నీలం సంగతి ఇంకా కష్టం. మంట వేడి చాలకపోతే రంగు రాదు, ఎక్కువైతే రాగి క్లోరైడు విడిపోయి రంగు వెలిసిపోతుంది. ఈనాటికీ నిజమైన నీలం తెప్పించినవాడే పనిమంతుడు.

పొటాసుతో అసలు చిక్కు గంధకం. ఆ రెండూ కలిస్తే దెబ్బకు, రాపిడికి, కొన్నిసార్లు ఏమీ చేయకపోయినా అంటుకుంటాయి. గంధకంలో ఉండే కొద్దిపాటి ఆమ్లం చాలు. మందు తాత చేతిలో ఉన్నదంతా గంధకమే. ఆయన రోళ్ళు, చేటలు, జల్లెళ్ళు, పంచె కొంగు అంతా గంధకమే. తెచ్చినవాడెవడో ఆయనకు పొటాసు పొట్లం చూపించి గొప్ప చెప్తే, చిటికెడు తీసుకుని, గంధకం చిటికెడు కలిపి, బండ మీద పెట్టి దూరం నుంచి రాయి వేశాడు. చెవులు గింగురుమన్నాయి. “ఇది నిప్పు లేకనే మండే సరుకు. నా ఇంట్లోకి రాదు” అన్నాడు. ఆ ఒక్క పరీక్షతో ఆయన తేల్చుకున్నదాన్ని భారత ప్రభుత్వం 1992 జనవరిలో ఉత్తర్వుగా ఇచ్చింది. క్లోరేటుతో గంధకం కలిపిన మందు తయారుచేయడం, ఉంచుకోవడం, దిగుమతి చేసుకోవడం ఆనాటి నుంచి దేశంలో నిషేధం.

పెద్దలు ఆగలేదు. పక్క పల్లెలో ఒక కుర్రవాడు, పట్నంలో కొన్నాళ్ళు ఉండి వచ్చినవాడు, రంగులు నేను కడతానన్నాడు. ఇంటి నడిమింట్లో, ఇనుప రోట్లో, మిద్దె తలుపులు మూసుకుని. అతని కుడిచేయి మణికట్టు దాకా పోయింది. చూపు ఒక కంటికి మిగిలింది. కబురు తెలిసి తాత ఆ రాత్రంతా ఆ ఇంటి అరుగు మీదనే కూర్చున్నాడు. ఆ ఏడు తిరుణాలకు ఆయన బుడ్లు కూడా వెలిగించలేదు.

అట్లా జరిగినవి మన రాష్ట్రంలో ఎన్నో. 2014 అక్టోబరులో దీపావళి ముందర అప్పటి తూర్పుగోదావరి జిల్లా వాకతిప్పలో తయారీ కేంద్రం పేలి పదిహేను మందికి పైగా, ఎక్కువమంది ఆడవాళ్ళు, కాలిపోయారు. 2024 దీపావళి రోజున ఏలూరులో ఉల్లిపాయ బాంబుల మూట స్కూటరు మీద తీసుకుపోతుంటే గుంతలో పడ్డ కుదుపుకే పేలింది. ఒకరి ప్రాణం పోయింది. నిప్పు లేదు, రాపిడి ఒక్కటే. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో ఎనిమిదిమంది. మన రాష్ట్రం బయట, కేరళ పుట్టింగల్ గుడిలో 2016 ఏప్రిల్ 10న వందమందికి పైగా. ఈ వార్తలు చదివినప్పుడల్లా నాకు తట్టే ప్రశ్న ఒకటే: ఆ చోట ఎంత సరుకు, ఎంతమంది మనుషులు ఒక్కచోట ఉన్నారు? ప్రతిసారీ జవాబు తాత పందిరికి పూర్తిగా ఎదురుగా ఉంటుంది.

అట్లాగని ఆయన చేతులు పూర్తిగా నిర్దోషమైనవని నేననను. పెండ్లిళ్ళకు కట్టిన తెల్ల మతాబులో మనిశిల పడేది. మనిశిల అంటే ఆర్సెనిక్ ఉన్న పాషాణం. ఆ పొగను పల్లకిలో కూర్చున్న పెండ్లికూతురు, బోయీలు, పిల్లలు అందరం పీల్చాం. తాతకు అనుమానం ఉండేది, అందుకే మతాబు వెలిగించినప్పుడు గాలి వచ్చే వైపు నిలబడమనేవాడు. ఆర్సెనిక్, పాదరసం, సీసం, యాంటిమొనీ, లిథియం బాణసంచాలో వాడరాదని సుప్రీంకోర్టు 2017లో ఉత్తర్వు ఇచ్చింది. 2018 అక్టోబరులో బేరియాన్ని కూడా ఆపింది. అంటే నాకు నోరు తెరిపించిన ఆ పచ్చరంగు కూడా విషమే. దాని పొగలో పిల్లల ఊపిరికి పడని లవణాలున్నాయి. ఈ తీర్పులు పండగ మీద దాడి అని కొందరు అంటుంటారు. నేను ఒప్పుకోను. మా సీమలో పండగలు పచ్చరంగు లేకుండా వందల ఏళ్ళు జరిగాయి.

తాత పని ఎట్లా ముగిసిందో అది పెద్ద కథేమీ కాదు. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద లైసెన్సు కావాలి. అది ఎప్పటినుంచో ఉన్నదే గానీ మా ఊరి దాకా ఎవరూ వచ్చి అడగలేదు. అడిగే రోజులొచ్చాయి. నిర్ణీత దూరంలో షెడ్డు, నిల్వగది, కాగితాలు. రెండెకరాల మెట్టచేను రైతు అవన్నీ చేయలేడు. చట్టం సరైనదే. దానికి తగినట్టు నిలబడడానికి అతనికి సాయం చేసే దారి మాత్రం ఎవరూ ఆలోచించలేదు. శివకాశి పెట్టె చవక. వీధుల్లోకి కరెంటు వచ్చాక నారింజ రవ్వలు వెలవెలబోయాయి. కొడుకులు బెంగళూరికి పోయారు. ఆయన పోయాక రోకలి, ఇత్తడి తక్కెడ ఎవరింటికి చేరాయో నాకు తెలియదు. పందిరి ఉన్న చోటు చుట్టుపక్కల మెట్టభూములు సౌరవిద్యుత్తు పార్కులోకి పోయాయి. 2016లో ఎన్టీపీసీ పలకలు అక్కడ పనిచేయడం మొదలుపెట్టాయి. ఇప్పుడు మా మండలం పేరు దేశానికి తెలిసింది వాటివల్లనే.

పోయిన ఏడు నా మనవడు, పదో తరగతి, ఒక కాగితం మీద రసాయనాల పేర్లు రాసుకొచ్చి, “అబ్బా, రంగుల బుడ్డి మనమే ఇంట్లో చేద్దామా?” అన్నాడు. మంట రంగుల మీద వాడికున్న ఆసక్తి నిజమైనది. వద్దని ఊరుకుంటే అది చాటుగా పోతుందని నాకు తెలుసు. కాబట్టి కూర్చోబెట్టి చెప్పాను. రంగు చూడాలంటే బడి ప్రయోగశాలలో మాస్టారు ముందర, ప్లాటినం తీగ కొసన చిటికెడు లవణం తీసుకుని బర్నరు మంటలో పెట్టు. రాగి ఆకుపచ్చ నీలం, స్ట్రాన్షియం ఎరుపు, సోడియం పసుపు అన్నీ కనబడతాయి, ఏదీ పేలదు. మందు కలపడం మాత్రం ఇంట్లో జరగదు, చేలో జరగదు, నేనుండగా జరగదు.

వాడి ముఖం చిన్నబోయింది. అందుకని పోయిన కార్తీక పున్నమికి మా చిన్నప్పటి రవ్వల పొట్లం కట్టించాను. తుమ్మ బొగ్గు నలగ్గొట్టి, రోంత కల్లుప్పు కలిపి, పాత నూలుగుడ్డలో బిగించి మూటగట్టి, చీల్చిన కొయ్యల మధ్య ఇరికించి, పొడుగాటి తాడుతో కట్టడం. ఒక కొసన నిప్పు అంటించి తల చుట్టూ తిప్పితే చక్రంలాగా నారింజ రవ్వలు చిమ్ముతుంది. దాంట్లో సూరేకారం లేదు, గంధకం లేదు. బొగ్గుకు కావలసిన ప్రాణవాయువు తిరిగే గాలినుంచే వస్తుంది కాబట్టి అది కాలుతుందే గానీ పేలదు. అయినా కోసేసిన చేలోనే, గడ్డివాములకు దూరంగా, నూలు చొక్కాతో, కాళ్ళకు బూట్లతో, పక్కన రెండు బిందెల నీళ్ళు పెట్టుకుని తిప్పించాను. మా కోడలు మొదట భయపడింది, తర్వాత తానే బిందెల కాపలా కాసింది. మనవడు రెండు చుట్లు తిప్పి, తుమ్మ బొగ్గు ముతకగా ఉన్నవైపు రవ్వ ఎక్కువసేపు ఉంటోందని వాడంతట వాడే కనిపెట్టాడు. వచ్చే ఏడు కందికట్టె బొగ్గుతో కట్టి, రెండూ పక్కపక్కన తిప్పి చూద్దామంటున్నాడు.